గ్రహణం పాఠం, రోలు చప్పుడు

ఆ శనివారం ఉదయం కదర్వతి టీచరు వేసుకున్న పథకం చిన్నదే. ఏడింటికి రోలు చప్పుడు రికార్డు చెయ్యాలి. ఎనిమిదింటికి దాన్ని పాఠంలో చేర్చాలి. పదింటికి, పాఠాలు మంజూరు చేసే జకార్తా కమిటీ కంప్యూటర్ తెర మీద చూస్తూండగా ఆ పాఠం నడిపించాలి. మధ్యలో వీలైతే టీ తాగాలి.

జావా దీవిలో జోగ్జా పట్నం దగ్గర మా పల్లె హైస్కూల్లో ఆమె భౌతికశాస్త్రం చెబుతుంది. కూతురు వెనింగ్ కంప్యూటర్ చదువు చదివింది. ఇద్దరూ రెండేళ్లు కూర్చుని ఖగోళశాస్త్రం మీద పన్నెండు ఆన్‌లైన్ పాఠాలు తయారుచేశారు. విని ఊరుకునే పాఠాలు కావవి. నేర్చుకునేవాళ్ళు నక్షత్రాలను వేలితో జరపాలి, అడిగినదానికి జవాబు చెప్పాలి. కమిటీ రెండుసార్లు తిప్పి పంపింది. ఇందులో మన దేశం ఎక్కడుందని మొదటిసారి అడిగింది. దేశమైతే వచ్చింది గాని, మామూలు జనం దీన్ని ముట్టుకుంటారా అని రెండోసారి అడిగింది. మూడోదే ఆఖరు. ఇదీ పోతే, తాతలు నాగలిగా చూసిన చుక్కలను మా పిల్లలు ఓరియన్ అనే పరాయి వేటగాడిగానే చూస్తారు. పాలపుంతకు మేము భీమశక్తి అని పేరు పెట్టుకున్నామన్న సంగతి పుస్తకాలకు ఎక్కనే ఎక్కదు.

మొదటి పాఠం చంద్రగ్రహణం. కాలరాహువు తల చంద్రుణ్ణి మింగుతుందని, తెగిపడ్డ మొండెం రోలయిందని, ఆ రోలును బాదితే తలకు నొప్పి పుట్టి చంద్రుణ్ణి కక్కేస్తుందని మా అవ్వలు చెప్పేవారు. పాఠంలోనూ అంతే. రోలు కొడితే కంప్యూటర్ విని చంద్రుణ్ణి విడిపిస్తుంది. ఆ వెంటనే భూమి నీడ బొమ్మ వేసి, కొట్టకపోతే ఏమయ్యేదని అడుగుతుంది. కంప్యూటర్ గుర్తుపట్టడానికి వెనింగ్ మొదట ఏదో విదేశీ డప్పు చప్పుడు నమూనాగా పెట్టింది. తల్లి ఒప్పుకోలేదు. మన రాహువుకు మన రోలే కావాలంది.

అందుకని ఎనభై ఏళ్ల తుకినెమ్మ అవ్వ, మరో నలుగురు ఆడవాళ్ళు పడవంత చెక్క రోలును కదర్వతి వాకిట్లోకి దొర్లించి, ఐదు రోకళ్ళతో మూడు నిమిషాలు వాయించారు. రికార్డింగ్ బంగారంలా వచ్చింది. ఆ సంతోషంలో టీచరు ఒక్క సంగతి మరిచిపోయింది. మా ఊళ్ళో ఆ రోలు మోగేది రెండింటికే: గ్రహణానికి, పెళ్ళికి. తూర్పున సూర్యుడు నిండుగా వెలుగుతున్నాడు కాబట్టి గ్రహణం కాదు. ఇంట్లో ఇరవై ఏడేళ్ల కూతురుంది.

ఏడున్నరకల్లా పొరుగింటి పర్జియెమ్ గుడ్డలో మూటకట్టిన బియ్యం, చక్కెర, ఒక కత్తి పట్టుకుని వచ్చేసింది. మా వైపు పెళ్ళింట వంటపనికి పిలుపు అక్కర్లేదు. రాకపోవడం తప్పు. ఎందుకు వచ్చావని అడగడం అంతకంటే పెద్ద తప్పు. పాఠం చూడటానికే వచ్చిందనుకుని కదర్వతి పొంగిపోయింది. మర్యాదకు మేము ఆడవాళ్ళను బు అని, మగవాళ్ళను పాక్ అని పిలుస్తాం.

"చాలా సంతోషం, బు పర్జియెమ్. జకార్తా వాళ్ళు పదింటికి చూస్తారు. నచ్చితే ఇవాళే ఖాయం."

"పదింటికే? ఎంతమంది?"

"ముగ్గురే. రావడం లేదు, తెర మీద కనబడతారు."

పర్జియెమ్ ఇంకేం అడగలేదు. మగపెళ్ళివాళ్ళు తెర మీద కనబడటమేమిటని ఆమెకు అనిపించకపోలేదు గాని, అది గొప్పింటివాళ్ళ పద్ధతి కాబోలని సర్దుకుని, కొబ్బరి తురమడం మొదలుపెట్టింది. జకార్తా సంబంధమన్న మాట ఎనిమిదింటికల్లా వీధి చివరిదాకా పాకింది. ఇంత హడావుడి ఎందుకో అని ఒకరు సాగదీశారట. ఇంకొకరు వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టారట.

కదర్వతి లోపల తలుపు వేసుకుని రోలు చప్పుడును పాఠంలో చేరుస్తూ ఉండిపోయింది. ఎనిమిదిన్నరకు వెనక పెరట్లో ముప్ఫైమంది ఆడవాళ్ళు పనసకాయలు కోస్తున్నారు. తొమ్మిదింటికి మగవాళ్ళు షామియానా ఎత్తారు. ఎత్తడంలో ఒక వెదురుగడ ఇంటర్నెట్ తీగను లాక్కుపోయింది. కమిటీ ముందు పాఠం చెయ్యవలసిన పన్నెండుమంది విద్యార్థులకూ వాళ్ళ తల్లులు ఇస్త్రీ చొక్కాలు తొడిగి, టీ పళ్ళేలు చేతికిచ్చారు.

రికార్డింగ్ కాగానే మైకు వైరు కోసం పట్నం వెళ్ళిన వెనింగ్ తిరిగొచ్చి గేటు దగ్గరే ఆగిపోయింది. తండ్రి సుదర్మో కుర్చీలు దించుతున్నాడు.

"నాన్నా, ఎవరి పెళ్ళి?"

"నీదేనట."

"ఎవరితో?"

"అది ఇంకా ఎవరూ అడగలేదు. అడిగితే బాగుండదు కదా."

అప్పుడుగాని తల్లీకూతుళ్ళకు విషయం అర్థం కాలేదు. అందరినీ పంపించేద్దామంది వెనింగ్. కత్తి పట్టుకుని సాయానికి వచ్చిన మనిషిని పొమ్మంటే మళ్ళీ ఈ ఊళ్ళో మొహమెత్తుకు తిరగగలమా అంది తల్లి. టైము పదికి ఐదు నిమిషాలు తక్కువ. ఇంట్లో ఇంటర్నెట్ లేదు. ఫోన్ సిగ్నల్ షామియానా కింద మాత్రమే అందుతోంది, సరిగ్గా రోలు పక్కన. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు భయపడితే ఎలా అనుకుని, కదర్వతి బిస్మిల్లా అంటూ అక్కడే బల్ల వేసి కంప్యూటర్ తెరిచింది.

తెర మీద ముగ్గురు కనబడ్డారు. నడిమి ఆయన పాక్ హుతగలుంగ్, కమిటీ పెద్ద. జావా మనిషి కాడు. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, టీచరు వెనకాల ఉన్న నూటయాభైమందిని చూశాడు.

"వీళ్ళంతా ఎవరు, బు?"

విద్యార్థులని అనెయ్యవచ్చు. ఆ ఒక్క మాటతో రెండేళ్ల పని గట్టెక్కేది. కాని తెల్లవారుజామున నమాజు చేసిన నోటితో అబద్ధమాడటం ఆమెకు చేతకాలేదు.

"పెళ్ళికి వచ్చారు, పాక్. కానీ పెళ్ళి లేదు."

పెరట్లో కత్తులన్నీ ఒక్కసారి ఆగాయి. ఆ నిశ్శబ్దంలో పర్జియెమ్ గొంతు మెల్లగా వినబడింది.

"నలభై కొబ్బరికాయలు తురిమేశాం మరి."

కదర్వతికి తలెత్తాలనిపించలేదు. అప్పుడు తుకినెమ్మ అవ్వ రోకలి పట్టుకుని లేచింది.

"పెళ్ళి లేకపోతే పోనీవే. ఏదో ఒక పని ఉండబట్టే కదా పొద్దున్న రోలు కొట్టించావు. ఏం చెయ్యాలో చెప్పు."

వెనింగ్ పాఠం తెరిచింది. కాలరాహువు కోరలు చాచి చంద్రుణ్ణి మింగుతుంటే వెనక వరసల్లో కేకలు లేచాయి. తర్వాత ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది. ఐదు రోకళ్ళు లేచాయి, మూకుళ్ళు మోగాయి, విద్యార్థులు టీ పళ్ళేలే వాయించారు. కంప్యూటర్ విన్నది. రాహువు ముఖం చిట్లించి చంద్రుణ్ణి కక్కేశాడు. ఊరు ఊరంతా నవ్వింది. ఆ వెనకే భూమి నీడ బొమ్మ వచ్చింది, దాని కింద ప్రశ్న.

హుతగలుంగ్ తుకినెమ్మ వైపు చూసి, చిన్నపిల్లను అడిగినట్టు అడిగాడు.

"కొట్టకపోతే ఏమయ్యేది అవ్వా?"

"ఏమవుతుంది, బయటికి వచ్చేవాడు. దేవుడు వాణ్ణి లెక్క ప్రకారం నడుపుతుంటే నా రోకలి ఎవరిక్కావాలి?"

"మరి ఇన్నేళ్లూ ఎందుకు కొట్టారు?"

"చీకటి పడ్డప్పుడు ఎవరింట్లో వాళ్ళు భయపడుతూ కూర్చోకుండా, అందరూ ఒకచోటికి రావాలని. ఇప్పుడు వచ్చారు చూడు."

దేవుడి లెక్కకు, మనుషుల చప్పుడుకు మధ్య మా అవ్వ గీసినంత తేటగా గీత ఎవరైనా గీశారా అని నాకు ఇప్పటికీ అనుమానమే. హుతగలుంగ్ గొంతు సవరించుకుని, ఓరియన్ గురించి ఎవరికైనా తెలుసా అని అడిగి, బొమ్మ చూపించాడు.

"అది నాగలి," అంది పర్జియెమ్.

"వేటగాడంటారమ్మా."

"అననివ్వండి. తెల్లవారుజామున అది తూర్పున పొడిస్తే మా తాత నాగలి దించేవాడు. మీ వేటగాడు పొడిస్తే మీరేం చేస్తారు?"

ఆయన కాస్త ఆలోచించి, ఏమీ చెయ్యం అని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత గంటసేపు పాఠం చెప్పింది ఊరు, కమిటీ రాసుకుంది. ఏవో ఐదు చుక్కల పేరు కోసం ఇద్దరు ముసలివాళ్ళు దెబ్బలాడుకున్నారు కూడా. కదర్వతి పక్కన నిలబడి, తడబడినచోట మాత్రం అందించింది. ఆమె కళ్ళు తడిశాయి గాని, పెరట్లో ఉల్లిపాయలు కోస్తున్నారు కదా, ఎవరూ పట్టించుకోలేదు.

మధ్యాహ్నం పెద్దలు దువా చదివారు. పనసకాయ కూర ఊరంతా తిన్నది. మరోసారికి ఉంటాయని కుర్చీలను మాత్రం ఎవరూ తిరిగి తీసుకుపోలేదు.

మంగళవారం జకార్తా నుంచి ఉత్తరం వచ్చింది. పాఠాలు దేశమంతటికీ మంజూరయ్యాయి. ఇంత జీవమున్న పాఠం తాము చూడలేదని కమిటీ రాసింది. షరతు ఒక్కటే: మిగతా ప్రతి పాఠాన్నీ ఇలాగే ఊరంతటి సమక్షంలో నడిపి చూపించాలి.

పాఠాలు ఇంకా పదకొండున్నాయి; ఇంట్లో పెళ్ళి కావలసింది ఒక్కర్తే.