ఊరూరా జోయల్

ఆ ఉదయం జోయల్ వేసుకున్న ప్లాను చిన్నదే. అనంతపురంలో బస్సెక్కి వజ్రకరూరు మండలాఫీసుకు వెళ్లడం, తాను రాసిన వాన లెక్కల ప్రోగ్రాం కంప్యూటర్లో ఎక్కించడం, మధ్యాహ్నానికల్లా తన అద్దెగదికి చేరడం. గదిలో పలకరించేవాళ్లెవరూ లేరు కాబట్టి తొందరేమీ లేదు.

"ఏమప్పా, ఏదో తప్పని చూపిస్తాండాదే!" అంది గుమాస్తా సుంకమ్మ.

వాన లెక్క డెస్క్‌టాప్ మీదికి చేరాలి. నీ డెస్క్‌టాప్ ఫోల్డరు ఎక్కడుందని అడిగితే ఏ కంప్యూటరైనా చెబుతుంది. మన మహానుభావుడు అడగలేదు. తన గదిలోని కంప్యూటర్లో ఆ ఫోల్డరుకున్న దారినే, అందులో తన పేరుతో సహా, కోడులో రాసిపెట్టాడు. ఇప్పుడు దిద్దుతూ కూర్చుంటే ఆ పూటకున్న ఒక్క తిరుగు బస్సూ పోతుంది. అందుకని ఆ కంప్యూటర్లోనే జోయల్ అనే ఖాతా తెరిచాడు. ప్రోగ్రాం బుద్ధిగా నడిచింది.

అదే ప్రోగ్రాం తీసుకున్న కుందుర్పి, యాడికి మండలాఫీసులకు ఫోన్లో అదే ఉపాయం చెప్పాడు. ఇక చూడండి, ప్రతి ఆఫీసులోనూ పొద్దున్నే తెర మీద జోయల్! ప్రతిదానికీ అక్కడి నుంచి జోయల్‌కు ఫోన్లు.

"అన్నా, జోయల్ తెరుచుకోల్యా!"

"జోయల్‌ను మూసేసి ఇంటికి పోతాండామన్నా."

పుట్టి బుద్ధెరిగాక తన పేరు ఇన్నిసార్లు విన్నది లేదు. ప్రాణం లేచొచ్చింది. కోడులో ఆ వాక్యం మార్చే తీరిక వారంలోనే దొరికినా, మార్చబుద్ధి కాలేదు. మారిస్తే ఫోన్లు ఆగిపోతాయి మరి.

చివరికి తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు చూశాడు.

"ఎవురయ్యా ఈ జోయల్? ఏ ఆఫీసుకు పోయినా ఈయప్పే కూర్చోనుండాడు!"

కొత్త ప్రోగ్రాం తెప్పించి, జోయల్‌ను అంతటా తీసేయమని ఆర్డరేశాడు. తీసేశారు. ఖాతాతోపాటు అందులోని ఫైళ్లు కూడా తీసేయాలా అని కంప్యూటరు అడిగితే, పెద్దసారు చెప్పాడు కదా అని అందరూ సరేనన్నారు. సంవత్సరం వాన లెక్కంతా గల్లంతయింది!

సంగతి తెలిసి జోయల్‌కు భయమేసింది. ఆ వెంటనే, సిగ్గులేకుండా, సంతోషం కూడా కలిగింది. ఊరూరికీ పోవాలి, రోజుల తరబడి వాళ్ల మధ్యనే కూర్చుని పనిచేయాలి! బట్టలు సర్దుకుని సుంకమ్మకు ఫోన్ చేశాడు.

"అక్కా, నేనొచ్చి రోజువారీ వానంతా మళ్లీ ఎక్కిస్తా."

"ఏం వానప్పా? ఈ ఏడు యాడ పడింది? అన్నిట్లో సున్నాలు కొట్టేసినాం. కుందుర్పోళ్లూ, యాడికోళ్లూ అంతే. నువ్వేం రావద్దులే."

ఫోన్ పెట్టేసింది. జోయల్ సర్దిన బట్టలు సంచిలోంచి మళ్లీ బయటికి తీశాడు. ఎవరైనా తిట్టినా బాగుండేదనిపించింది.

ఆ ఏడు కరువులో నష్టపోయినవాళ్లలో జోయల్ పేరు ఎవరూ రాసుకోలేదు.