పంతొమ్మిదేళ్లు ఏమీ చేయని మజీదా బేగం

కాలికి తగిలే భూమే ఆస్తి అని గద్వాలలో చట్టమేమీ లేదు గానీ, ఉన్నట్టే అందరూ నడుచుకుంటారు. ఈ లేని చట్టాన్ని 2006లో ఉల్లంఘించిన మహిళ మజీదా బేగం. ఆమె ఇంట్లో జాకెట్లు కుడుతుంది. భర్త హఫీజ్ ఒక సందులో దుకాణం కిరాయికి తీసుకుని బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. అప్పటివరకు ఆ కుటుంబం మీద ఎవరికీ ఎలాంటి ఫిర్యాదూ లేదు.

గట్టు ఊరి దగ్గర తల్లి పేరు మీదున్న ఎకరం మెట్ట చెలక అమ్మితే రెండు లక్షలు వచ్చాయి. మజీదాకు ఒక లక్ష, తమ్ముడు ఫర్హాన్‌కు ఒక లక్ష. ఫర్హాన్‌కు చెప్పుల దుకాణం ఉంది, లోకజ్ఞానం కూడా ఉంది. కనుక అతను ఇటిక్యాల దారిలో కొత్తగా వెలసిన వెంచర్‌లో రెండు వందల గజాల ప్లాటు కొన్నాడు. ఆ వెంచర్‌కు బ్రహ్మాండమైన కమాను ఉంది. కమాను వెనక ఏమీ లేదు. అయితే బ్రోచర్లో ఈతకొలను, ఇంటర్నేషనల్ స్కూలు, వాటి మీదుగా వెళ్తున్న విమానం కూడా ఉన్నాయి.

మజీదా మాత్రం ఇమ్మానుయేల్ మాట విన్నది. ఇమ్మానుయేల్‌ది గద్వాలే, వనపర్తిలో షేర్ల ఆఫీసు నడుపుతాడు. ఆయన ఇంటివాళ్లు కుట్టుకూలి ఏనాడూ బాకీ పెట్టలేదు. అలాంటి ఇంటి మాట నమ్మవచ్చని ఆమె లెక్క. హైదరాబాదులో ఆఫీసు భవనాలు కట్టి కిరాయికిచ్చే ఒక కంపెనీ షేర్లు, ఒక్కోటి రెండు వందల చొప్పున, ఐదు వందలు కొన్నది.

"ఆపా, నీ భూమి ఏడుంది? జర చూపియ్యి," అన్నాడు ఫర్హాన్.

"ఏడనో ఉంది. కిరాయిల మనకు గింత వాటా వస్తదంట."

"హద్దురాళ్లు?"

"లెవ్వు."

హద్దురాళ్లు లేని ఆస్తి కొన్న అక్క గురించి ఫర్హాన్ చుట్టాలందరికీ సవినయంగా, సవిచారంగా తెలియజేశాడు.

మరుసటి ఏడాది కంపెనీ డివిడెండు పంపింది. మొత్తం వెయ్యి రూపాయలు. ఆ వెయ్యితో బిర్యానీ దావత్ ఇవ్వాలని బంధువర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. మజీదా వనపర్తి బస్సెక్కి, ఆ వెయ్యికి ఇంకో ఐదు షేర్లు కొనుక్కొని వచ్చింది. లక్ష రూపాయల ఆసామి ప్లేటు బిర్యానీ పెట్టలేదన్న సంగతి మూడు పెళ్లిళ్లలో చర్చకు వచ్చింది.

ఫర్హాన్ ప్లాటు కూడా ఊరుకోలేదు. కమాను వెనకున్న ఆ నేలంతా బాలన్న అనే రైతు దున్నుకుని కంది వేశాడు. వెంచర్‌లో నిటారుగా లేచింది ఆ కంది చేను ఒక్కటే. బాలన్న ధర్మాత్ముడు. ఏటా ఫర్హాన్ ఇంటికి నాలుగు సేర్ల పప్పు పంపేవాడు. ఫర్హాన్ దాన్ని వండించుకుని తినేవాడు.

తర్వాత మార్కెట్ కూలింది. 2009 మొదట్లో ఆ షేరు ముప్పై మూడుకు దిగింది. ఇంచుమించు వనపర్తి బస్సు చార్జీకి ఒక షేరు. మజీదా ఇంటికి పరామర్శలు మొదలయ్యాయి. కొందరు పండ్లు కూడా తెచ్చారు. ప్లాటు వాళ్లను ఎవరూ పరామర్శించలేదు, ఎందుకంటే ప్లాటు ధర పడదు. దాని ధర అమ్మబోయేదాకా ఎవరూ చెప్పరు, చెప్పనిది పడే అవకాశం లేదు.

ఆ వారం మజీదా ఒక జాకెట్టుకు చేతులు తిరగేసి కుట్టింది. ముప్పై ఏళ్ల అనుభవంలో అది మొదటిసారి. ఆ సంవత్సరం డివిడెండు ఐదు వందల చిల్లర పట్టుకుని వనపర్తి పోయి ఇమ్మానుయేల్ ముందు కూర్చుంది.

"సార్, నిజం చెప్పుండ్రి. అమ్మ సొమ్ము అది. మునిగిందా?"

"ధర పడ్డదమ్మ. బిల్డింగులు పడలే. కిరాయిలు వస్తనే ఉన్నయి. రేపెట్లుంటదో నాకు తెల్వదు."

తెలియదని ఆమెకు చెప్పిన మొదటి పెద్దమనిషి ఆయనే. ఆమె ఆ ఐదు వందలు బల్ల మీద పెట్టింది. ఈసారి పదిహేను షేర్లు వచ్చాయి.

అటుపైన పదహారేళ్ల చరిత్ర చెప్పుకోదగ్గది కాదు. ఏటా డివిడెండు వచ్చింది, ఏటా ఆమె బస్సెక్కింది. మధ్యలో కంపెనీ ఉన్న ప్రతి షేరుకు ఇంకో షేరు బోనసుగా ఇచ్చింది. ధర పడినప్పుడు ఎక్కువ షేర్లు వచ్చాయి, లేచినప్పుడు తక్కువ వచ్చాయి. ఆసక్తికరంగా ఏమీ జరగలేదు.

2025లో జరిగింది. హఫీజ్ దుకాణం యజమాని ఆ గది అమ్మకానికి పెట్టాడు. ఇరవై ఏడేళ్ల కిరాయిదారు కనుక ముందు అతన్నే అడిగాడు. పన్నెండు లక్షలు, నెల గడువు. లేదంటే ఖాళీ చేయాలి.

హఫీజ్ ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడు, తినలేదు.

"రైతులు మోటారు ట్రాక్టర్ల ఏసుకొని కండ్లు మూసుకొని ఆ సందుకే వస్తరు. గీ వయసుల ఏ సందుకు పోవాలె నేను?"

"ముందు తిను. షేర్లు అమ్ముదం."

"గవి ఉన్నయా ఇంకా?"

ఉన్నాయి. పదిహేను వందల ఇరవై. ఒక్కోటి తొమ్మిది వందలు. హఫీజ్ సెల్ఫోనులో రెండుసార్లు గుణించి, బ్యాటరీ తక్కువుందేమోనని చార్జింగ్ పెట్టి మూడోసారి గుణించాడు. పదమూడు లక్షల అరవై ఎనిమిది వేలు. అందులో సుమారు మూడో వంతు, చుట్టాలు తినని బిర్యానీలదే. ఆమె పద్నాలుగు వందలు అమ్మి దుకాణం కొన్నది. హఫీజ్ ఆ రోజు భార్య కుట్టుమిషను విప్పి, నూనె వేసి, శబ్దం రాకుండా చేసి ఇచ్చాడు.

ఈ పదమూడు లక్షలు వనపర్తి చేరేసరికి పదమూడు కోట్లయ్యాయి. నాగర్‌కర్నూలులో ముప్పై దాటాయి. కోడేరు నుంచి ఒక పెద్దమనిషి ఆమె కాళ్లకు దండం పెట్టి పోదామని కారులో వచ్చాడు. ఇక సన్మానం తప్పలేదు. పట్టణ అభ్యుదయ సంఘం అధ్యక్షులు భానుప్రకాశ్ గారు ఫంక్షన్ హాలులో వేదిక ఎక్కి ఇలా సెలవిచ్చారు:

"మన గద్వాల నడిగడ్డ ముద్దుబిడ్డ, మహిళా లోకానికి మార్గదర్శి, మన మజీదా గారి విజయాన్ని నేను 2006లోనే ఊహించాను. అయితే సమయం రాలేదని చెప్పలేదు. ఆ రహస్యాన్ని ఇప్పుడు వారే వెల్లడిస్తారు."

మొదటి వరుసలో ఫర్హాన్ పెన్ను మూత తీశాడు.

మజీదా మైకు పట్టుకుంది. "కొన్న. అమ్మలే. వచ్చిన పైసలతోని మల్ల గవే కొన్న. గంతే. పంతొమ్మిదేండ్లు పట్టింది. మునుగుతదేమో అని మస్తు భయపడ్డ."

ఇంకేదో ఉంటుందని సభ ఎదురుచూసింది. ఏమీ లేదు. వెనక నుంచి ఒకాయన లేచాడు.

"జర జల్దీ అయ్యేది ఏమన్న ఉంటె చెప్పమ్మ."

"నాకు తెల్వదన్న."

ఈ సమాధానంతో హాలులో నిరాశ వ్యాపించింది. పరిస్థితి చేయి దాటుతుందని గ్రహించిన అధ్యక్షుల వారు మైకు అందుకుని, మజీదా గారి పంతొమ్మిదేళ్ల విద్యను పంతొమ్మిది రోజుల్లో నేర్పే శిక్షణా తరగతులను అక్కడికక్కడే ప్రకటించారు. ఫీజు ఆరు వేలు. క్యూ భోజనాల బల్లల దాకా సాగింది. ఫర్హాన్ దాంట్లో మూడోవాడు. అక్కను అడిగితే డబ్బులు తీసుకోదు కాబట్టి, ఆ ఉచిత చదువు మీద అతనికి నమ్మకం కుదరలేదు. మజీదా శాలువా మడిచి చంకలో పెట్టుకుని, ఇమ్మానుయేల్ ఇంటి జాకెట్లు సాయంత్రానికి ఇవ్వాలని వెళ్లిపోయింది. ఆమె దగ్గర ఇంకా నూట ఇరవై షేర్లున్నాయి.

పాఠకులు వీళ్లను చూసి నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోవచ్చు. కాకపోతే ఒక్క మనవి: ఆ కంపెనీ పేరు ఎక్కడో తప్పిపోయిందని మళ్లీ పైనుంచి వెతకవద్దు. కావాలనే రాయలేదు.