ఎంటరు కొట్టని మనిషి

శ్రావణమాసం మొదటి శుక్రవారం పొద్దున్న శివరామకృష్ణ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి వియ్యంకుడు వెంకన్న జంగారెడ్డిగూడెం నుంచి భార్యనూ, కూతురినీ, సారెనూ వ్యానులో తీసుకొస్తాడు. తొమ్మిదింటికల్లా వీధిలో సారె పంపకం అయిపోతుంది. పదింటికి వియ్యంకులిద్దరూ ద్రాక్షారామం వెళ్ళి స్వామి దర్శనం చేసుకుని, భోజనాల వేళకు ఇంటికొస్తారు. కొడుకు గణేష్‌బాబుకు తునిలో సెలవు దొరకలేదు కాబట్టి అతను సాయంత్రం బస్సుకు వస్తే సరిపోతుంది.

సారె పంచడం పైకి కనిపించేంత తేలిక కాదు. ఆషాఢం పుట్టింట్లో గడిపిన కోడలు తిరిగి వచ్చేటప్పుడు తెచ్చిన కాజాలూ, అరిసెలూ, సున్నుండలూ వీధిలో ప్రతి గడపకూ వెళ్ళాలి. కానీ అందరికీ ఒకే లెక్క కాదు. ఆడపడుచుకు ఎంత, పక్కింటికి ఎంత, పలకరింపు వరకే ఉన్నవాళ్ళకు ఎంత అన్నది పట్టింపుగా చూస్తారు. ఒక్క సున్నుండ తగ్గిందంటే ఏడాదిపాటు గుర్తుంటుంది. ముప్ఫయ్యేళ్ళుగా ఈ లెక్కంతా శివరామకృష్ణ భార్య రత్నమాణిక్యం మనసులోనే ఉండేది. ఏనాడూ తేడా రాలేదు. ఈసారి కొత్త వియ్యంకుడి ముందు మన పద్ధతి కనపడాలని, జాబితా కంప్యూటరులో కొట్టి అచ్చు తీయిస్తానని శివరామకృష్ణ పూనుకున్నాడు.

ఆయనకు టైపులో హయ్యరు పాసైన సర్టిఫికెట్టు ఉంది. అది ఇప్పటికీ హాల్లో అద్దం బిగించి వేలాడుతోంది. సర్కారు నౌకరీలో ఉన్నన్నాళ్ళూ టైపు మిషను మీద, తరవాత కంప్యూటరు మీద కొట్టి రిటైరయ్యాడు. మిషను మీద ఖాళీ అంటే ఒక కొలత. ఎక్కడ కొట్టినా ఒకే వెడల్పు. పేరుకూ అంకెకూ మధ్య ఎంత జాగా కావాలో వేలు లెక్కపెట్టేది. కంప్యూటరులోనూ ఆయన అదే పని చేసేవాడు. స్పేస్ బారు నొక్కుకుంటూ పోతే వరుసలు తిన్నగా నిలబడేవి. పంక్తి నిండితే తరవాతి మాట దానంతటదే కిందికి దిగేది. మిషను మీద పంక్తి పంక్తికీ బండి లాగే శ్రమ తప్పింది కదా, మళ్ళీ ఆ ఎంటరెందుకని ఆయన దాన్ని ముట్టుకోవడమే మానేశాడు.

ముందు రోజు మధ్యాహ్నం రత్నమాణిక్యం చెబుతుంటే ఆయన కొట్టాడు.

"మొదట సూర్యకళ. పెద్ద బుట్ట. అన్నీ పాతికేసి, చీర, పసుపూ కుంకుమా." సూర్యకళ శివరామకృష్ణ చెల్లెలు. అదే వీధిలో మొదటిల్లు.

"తరవాత?"

"ఆ పక్కది పల్లంరాజు గారిల్లు. వద్దు అని రాయండి."

"వద్దనుకుంటే అసలు పేరెందుకే?"

"పేరు లేకపోతే పంచడానికెళ్ళిన మరిడమ్మ మనం మర్చిపోయామనుకుని ఇచ్చేస్తదండి. రాసుంటే గొడవుండదు."

పల్లంరాజు ఒకప్పుడు శివరామకృష్ణకు ప్రాణ స్నేహితుడు. తొమ్మిదేళ్ళ కిందట ఆయన కూతురు దుర్గాశ్రీ పెళ్ళికి శుభలేఖ శివరామకృష్ణే టైపు చేసి పెట్టాడు. అచ్చయి వచ్చాక చూస్తే, కింది వరుసలో, చనిపోయిన ఆయన నాన్నగారి పేరు ముందుండాల్సిన కీ.శే. పై వరుసకెక్కి పల్లంరాజు పేరు పక్కన కూర్చుంది. అప్పటికే మూడొందల కార్డులు ఊళ్ళు దాటిపోయాయి. పెళ్ళికి వచ్చినవాళ్ళలో కొందరు పెళ్ళికూతురి తండ్రిని చూసి తుళ్ళిపడ్డారు. ఏమిటీ పని అని పల్లంరాజు అడిగితే, నేను కొట్టింది కరెక్టే, అది ప్రెస్సువాళ్ళ తప్పని శివరామకృష్ణ ఒట్టేసి చెప్పాడు. ఆయన అక్కణ్ణుంచే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి మాటల్లేవు.

శుక్రవారం వ్యాను వేళకే వచ్చింది. బుట్టలు దింపుతుండగా ఇంట్లో ప్రింటరు సిరా అయిపోయిందని తేలింది. జాబితాను సెంటర్లో జిరాక్సు షాపుకు పంపి అచ్చు తీయిద్దామని శివరామకృష్ణ కూర్చున్నాడు. కోడలు వెంకటదుర్గ కాళ్ళకు పసుపుతోనే వచ్చి తెర మీదికి తొంగి చూసింది.

"మావయ్యగారూ, ఇది అన్నీ స్పేసులతో ఉందండి. వేరే కంప్యూటర్లో ఈ ఫాంటు లేకపోతే జరిగిపోతుందండి. రెండు నిమిషాలు, టేబుల్ గీసి ఇస్తాను."

"నువ్వు పుట్టకముందు నుంచీ కొడుతున్నానమ్మా. నువ్వెళ్ళి పీట మీద కూర్చో, అత్తయ్య హారతి ఇవ్వాలంట."

వియ్యంకుడు పక్కనే ఉన్నాడని ఆ మాట కొంచెం గట్టిగానే అన్నాడు. వెంకటదుర్గ తండ్రి వంక చూసి లోపలికి వెళ్ళింది.

మరిడమ్మ జిరాక్సు షాపు నుంచి కాగితం తెచ్చింది. చాలా ఏళ్ళుగా ఆ ఇంట్లో పనిచేస్తోంది, ఏడో తరగతి దాకా చదివింది. కాగితం చూసి కాసేపు నిలబడి వంటింటి గుమ్మంలోకి వెళ్ళింది.

"అమ్మగారూ, ఇందులో ఉన్నట్టే ఇచ్చేయమంటారా అండి?"

రత్నమాణిక్యం వియ్యపురాలికి కాఫీ కలుపుతోంది. "అయ్యగారు కంప్యూటర్లో కొట్టారు. ఉన్నది ఉన్నట్టు ఇచ్చిరా. సొంత తెలివి ఉపయోగించకు."

తొమ్మిదింబావుకు పంపకం ముగిసింది. శివరామకృష్ణ గడియారం చూసుకుని, ఉత్తరీయం సర్దుకుని, "చూశారా బావగారూ, మా దగ్గర పని ఇలా ఉంటుందండి" అన్నాడు. వెంకన్న మర్యాదగా తలూపాడు. ఇద్దరూ చెప్పులు వేసుకుంటుండగా ఫోను మోగింది.

వీధి వాట్సాప్ గ్రూపులో ఫోటో వచ్చింది. వీధిలో నాలుగో ఇంట్లో అద్దెకుంటున్న బ్యాంకు గుమస్తా రమేష్ బాబు పెట్టాడు. పెళ్ళి కాలేదు, ఒక్కడే ఉంటాడు. ఆయనకు రాసింది చిన్న కవరు. ఫోటోలో మాత్రం పళ్ళెం నిండా అరిసెలూ, కాజాలూ, జీడిపప్పు పాకం. కింద, ఇంత ప్రేమ నేను మరిచిపోలేనండీ, వారం రోజులు వంట చేసుకోను అని రాశాడు.

ఆ ఫోటో కింద ఇంకో ఫోటో వచ్చింది. రమేష్ బాబు పక్కింటి పంతులమ్మగారు తనకు వచ్చిన చిన్న కవరును స్కేలు పక్కన పెట్టి తీసింది. ఆ తరవాత ఎవరికి వాళ్ళు తమ వాటాలు ఫోటోలు తీసి పెట్టడం మొదలెట్టారు. ఎదురింటివాళ్ళ సున్నుండలు లెక్కపెట్టడానికి కొందరు ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చూస్తున్నారని తరవాత తెలిసింది. చివరికి సూర్యకళ పెట్టింది. కడిగి తుడిచిన ఖాళీ పళ్ళెం, అంతే. కింద ఒక్క మాటా రాయలేదు.

అంతలో గుమ్మంలో బుజ్జిబాబు నిలబడ్డాడు. పల్లంరాజు పక్కిల్లు ఆయనదే. గ్రూపు నడిపేదీ ఆయనే.

"శివరామకృష్ణగారూ, నలభయ్యేళ్ళ పరిచయమండి మనది. ఇవ్వకపోతే పోనీండి, మర్చిపోయారనుకుంటాను. వద్దు అని అచ్చేయించి పంపుతారా?"

"అచ్చా? మీకెవరు చెప్పారండి?"

"మరిడమ్మే చూపించింది. ఆ అమ్మాయిది ఏం తప్పు లేదండి. మీకు వద్దని రాసుందండి, చదూకోండి అంది."

శివరామకృష్ణ మరిడమ్మ చేతిలోంచి కాగితం లాక్కున్నాడు. మొదటి పంక్తిలో సూర్యకళ పేరు ఒక్కటే ఉంది. పక్కన ఏమీ లేదు. రెండో పంక్తిలో ఎడమ పక్క పెద్ద బుట్ట, కుడి పక్క పల్లంరాజు. మూడో దాంట్లో వద్దు, ఎదురుగా బుజ్జిబాబు. నాలుగో దాంట్లో పళ్ళెం, ఎదురుగా రమేష్ బాబు. అలా ఒకరి వాటా తరవాతి వాళ్ళకు అంటగడుతూ జాబితా కిందికంటా వెళ్ళింది. ఆఖరి పంక్తిలో పది కాజాలు ఉన్నాయి, పేరు లేదు.

"ఆ పదీ ఏం చేశావే?"

"పేరు లేదు కదండి, నాకేననుకున్నానండి" అంది మరిడమ్మ.

అసలే తప్పు. దాన్ని దిద్దుతానని శివరామకృష్ణ ఇంకోటి చేశాడు. తాను కొట్టింది సరిగ్గానే ఉందనీ, షాపువాడే చెడగొట్టాడనీ నిరూపించాలన్న ఆవేశంలో, కంప్యూటరులోని అసలు జాబితాను కాపీ చేసి గ్రూపులో అతికించాడు. ఫోను తెర కంప్యూటరు తెరంత ఉండదు. వాళ్ళ వాళ్ళ ఫోన్లలో అది ఆ ఫోనుకు తోచినట్టు విరిగింది. ఇప్పుడు ఆ వద్దు ఒక్కో ఫోనులో ఒక్కో ఇంటి పక్కన కనబడుతోంది. పది నిమిషాల్లో ముగ్గురు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. పంతులమ్మగారు తన కవరు మరిడమ్మ చేతికే తిరిగి పంపించేసింది.

వెంకన్న చెప్పులు విప్పి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. చివరికి మెల్లగా అన్నాడు.

"బావగారూ, మా అమ్మాయి సారెలో ఏవైనా లోటు జరిగిందా అండి? ఉంటే చెప్పండి, రేపు మళ్ళీ తెస్తాను."

ఆ మాట శివరామకృష్ణకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. ఆ సారె కోసం ఆ మనిషి ఇంటిల్లిపాదీ నాలుగు రోజులు పొయ్యి ముందు కూర్చున్నారు. ఇప్పుడు ఊరంతా వాళ్ళ సారె తక్కువైందనే అనుకుంటుంది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఈ వీధిలో తల దించుకుని నడవాలి. సిగ్గుతో ఆయన వియ్యంకుడి ముఖం వైపు చూడలేక గోడ మీది సర్టిఫికెట్టు వైపు చూశాడు. అక్కడా ఊరట దొరకలేదు.

"అమ్మా దుర్గా, అసలేం జరిగిందో చూడమ్మా" అన్నాడు.

వెంకటదుర్గ వచ్చి కంప్యూటరు ముందు కూర్చుని ఒక మీట నొక్కింది. అంతవరకూ తెల్లగా ఉన్న చోటల్లా చిన్న చిన్న చుక్కలు లేచాయి. పేరుకూ వాటాకూ మధ్య చుక్కలు, వాటాకూ తరవాతి పేరుకూ మధ్య చుక్కలు. పంచదార డబ్బా మూత తీసినప్పటి చీమల్లా కాగితమంతా అవే.

"ఒక్కో చుక్కా ఒక స్పేసండి. కనపడదు గానీ అక్కడే ఉంటుంది. ఫాంటు మారితే దాని వెడల్పు మారుతుంది. వెడల్పయితే వాటా పంక్తిలో పట్టక కిందికి దిగి, తరవాతి పేరు పక్కన చేరింది. ఎంటరు కొట్టుంటే ఎవరి పంక్తి వాళ్ళదిగానే ఉండేదండి."

"ఇరుకైతే?" అని అడిగాడు శివరామకృష్ణ.

"ఇరుకైతే కింద ఉన్న మాట పైకెక్కుతుందండి."

ఆయన చాలాసేపు ఆ చుక్కలనే చూశాడు. కింద ఉన్న మాట పైకెక్కుతుంది. తొమ్మిదేళ్ళ కిందట కీ.శే. పైకెక్కింది. ప్రెస్సువాడు పాపం ఆనాడు అదే చెప్పాడు, మీ ఫైలే అలా వచ్చిందండీ అని. శివరామకృష్ణ వాణ్ణి నలుగురిలో నానా మాటలూ అన్నాడు. స్నేహితుణ్ణి బతికుండగానే పోగొట్టుకున్నాడు, అదీ తన చేత్తోనే. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియకపోయినా ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

సరిగ్గా అప్పుడు గేటు చప్పుడైంది. పల్లంరాజు లోపలికి వస్తున్నాడు. చేతిలో పెద్ద బుట్ట ఉంది. వెనకాలే సూర్యకళ. తొమ్మిదేళ్ళలో ఆ మనిషి ఆ గేటు దాటడం అదే మొదలు. రత్నమాణిక్యం కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుంది.

పల్లంరాజు ఎవరి వంకా చూడకుండా బుట్ట అరుగు మీద పెట్టాడు. పొరుగింటి గిన్నె ఉత్తిది తిరిగివ్వకూడదు గనక అందులో దబ్బకాయలూ, అరటిపళ్ళ అత్తమూ ఉన్నాయి.

"ఇది మాది కాదండి. బుట్టలో చీర చూడగానే ఆడపడుచుదని మా ఆవిడ లక్ష్మి గుర్తుపట్టింది. అన్నీ సూర్యకళమ్మకు అప్పజెప్పాం. ఒక్క కాజా కూడా ముట్టుకోలేదు."

"నాతోపాటు రెండు తిన్నారులే అన్నయ్యా, ఆయన చెప్పరు గానీ" అంది సూర్యకళ. "నేనూ గ్రూపులో ఆ ఖాళీ పళ్ళెం పెట్టకుండా ఉండాల్సింది."

శివరామకృష్ణ లేచి నిలబడ్డాడు. కావాలనే పంపామని ఒక్క మాట అంటే చాలు. పాత గొడవ తీరిపోతుంది, వియ్యంకుడి ముందు గొప్పగానూ ఉంటుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"పొరపాటున వచ్చిందని మీకెలా తెలిసిందండి?" అన్నాడు బదులుగా.

"ఆ చేతి పని నాకు తెలీదా? తొమ్మిదేళ్ళ కిందట నన్ను పైకి పంపిన చెయ్యే కదా." పల్లంరాజు మొదటిసారి ఆయన కళ్ళల్లోకి చూశాడు. "అప్పుడు ప్రెస్సువాళ్ళన్నారు. ఇవాళ ఎవరండి?"

హాల్లో వెంకన్న ఉన్నాడు, వియ్యపురాలు ఉంది, బుజ్జిబాబు గుమ్మంలోనే ఉన్నాడు. తెర మీద చుక్కలన్నీ అలాగే ఉన్నాయి.

"ప్రెస్సువాళ్ళది కాదు. అప్పుడూ నాదే, ఇప్పుడూ నాదే తప్పు" అన్నాడు శివరామకృష్ణ. "బావగారూ, మీ సారెలో ఏ లోటూ లేదండి. మీ అమ్మాయి పొద్దున్నే చెప్పింది. నేనే వినలేదు."

పల్లంరాజు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఒరే, ఈ ముక్క అప్పుడే చెప్పుంటే సరిపోయేది కదరా. కీ.శే. వేసినందుకు కాదు నాకు కోపం. కాఫీ ఇమ్మను."

రత్నమాణిక్యం చేతిలోని గ్లాసుకు చోటు దొరికింది. మధ్యాహ్నం ఆవిడే, కాగితం లేకుండా, మిగిలిన బుట్టలతో వీధి మొత్తం మళ్ళీ పంచి వచ్చింది. ఎక్కడా తేడా రాలేదు. రమేష్ బాబు పళ్ళెం మాత్రం ఎవరూ వెనక్కి అడగలేదు.

వీధి గ్రూపుకు క్షమాపణ వెంకటదుర్గ టైపు చేసింది. పంపడానికి ఎంటరు మాత్రం మావయ్యగారి చేతే కొట్టించింది.