ఆకాశంలో ఎవరున్నారని ఇన్ని పరీక్షలు?

చిన్న విమానాలు నడిపేవాళ్లకు జరుగుతున్న అన్యాయాన్ని ఖండించడానికే ఈ నాలుగు మాటలు. కొత్త శతాబ్దం వచ్చి మూడేళ్లయినా, లైసెన్సు అడిగిన మనిషిని దొంగను చూసినట్టు పరీక్షించడం ఏం మర్యాద?

నేను కుప్పంలో పనిచేసినప్పుడు నా దగ్గర చదువుకున్న ఉమాశంకర్ ఇప్పుడు బెంగళూరులో రెండు సీట్ల విమానం నేర్చుకుంటున్నాడు. మొన్న మదనపల్లె బస్టాండులో కలిశాడు. ఏడాదిన్నరైనా లైసెన్సు రాలేదట!

“ముందు డాక్టరు సూడల్ల సార్. కండ్లు, సెవులు, గుండె. ఆమీట గాలి గురించి, మబ్బుల గురించి పరీక్ష రాయల్ల. పక్కన నేర్పించే ఆయన్ను కూసోబెట్టుకోని ఎగరల్ల. ఎగిరిన ప్రతి గంటా పుస్తకంలో రాయల్ల. కడాకు ఒగడే ఎగిరి సూపియ్యల్ల.”

“పైన నీకు అడ్డమొచ్చేది ఎవరు నాయనా?”

“గద్దలొస్తాయి సార్.”

గద్దల కోసం ఇంత శ్రమా! చౌడేపల్లె మీదుగా ఎగిరితే కింద మేసే ఆవులైనా తలెత్తి చూడవు. ఆకాశంలో రోడ్డు దాటే ముసలమ్మ ఉందా? టమాటా గంప ఉందా? బడి వదిలిన పిల్లలున్నారా?

నేల మీద మన పద్ధతి ఎంత నాగరికం! పుంగనూరులో లైసెన్సులు ఇప్పించే ఓబులప్పను అడగండి.

“నువ్వు యాల రావల్లప్పా? మూడు ఫోటోలిచ్చి, సంతకం పెట్టి ఇంటికి పో. జీపు నేను తోలి సూపిస్తా.”

మరి కళ్ల పరీక్ష?

“డాక్టరు సంతకం పెట్టిన కాయితాలు నా సంచిలోనే ఉండాయి. పేరు రాసుకునేదే!”

మనిషి ముఖమైనా చూడకుండా అతడి చూపు బాగుందని నమ్మే విశాల హృదయం ఇంకెక్కడ దొరుకుతుంది?

అసలు పరీక్ష కొత్త బండి ఇంటికొచ్చిన రోజు జరుగుతుంది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. నాలుగూ నలిగాయా, డ్రైవరు పాసు! చిన్న విమానానికి చక్రాలు మూడే. ఒక కాయ మిగులుతుంది కూడా.

కాబట్టి పాఠకులారా, విమాన లైసెన్సులూ ఓబులప్పకే అప్పగించాలని నా మనవి. పైలట్ల కళ్ల పరీక్షను మాత్రం పొరపాటున కూడా జీపు డ్రైవర్లకు తేకూడదు. ఎన్ని కుటుంబాలు వీధిన పడతాయో ఆలోచించండి!

మా ఊరి అంజి జీపు తోలి బతుకుతున్నాడు. కిందటి నెల కురబలకోట దగ్గర, పట్టపగలు, రోడ్డు అంచున నడుస్తున్న నా భార్య వసంతమ్మను అతడి జీపు గుద్దింది. ఆమె పోయింది. పోలీసులు లైసెన్సు చూశారు. అందులో ఏ లోపమూ లేదు. అంజి నా కాళ్లు పట్టుకున్నాడు.

“దేవునాన సార్, అమ్మ నాకు అగుపడలే.”

నమ్మాను. ఏడో తరగతిలో బోర్డు మీద అక్షరాలు కనబడడం లేదంటే అతణ్ణి మూడో వరుస నుంచి మొదటి వరుసకు మార్చింది నేనే. అతడు పెద్దవాడై జీపు తోలడం మొదలుపెట్టాక ఆరేళ్లు ఆ జీపులోనే బడికి వెళ్లివచ్చాను. కళ్లు చూపించుకున్నావా అని ఒక్కసారీ అడగలేదు. లైసెన్సు ఉంది కదా అనుకున్నాను.