ఇదే అసలు బోల్టు

ఆ రోజు ఉదయం ఫిజిక్స్ మాస్టారు పెట్టుకున్న పని చాలా చిన్నది. మొదటి గంట కొట్టేలోగా స్కూలు రోబో జట్టుకు ఒక మెసేజ్ పంపాలి. సాయంత్రం ఐదింటికల్లా రోబో డిజైన్ పోటీవాళ్లకు చేరాలి మరి.

జట్టులో ఎనిమిది మంది. రోబో బొమ్మ గీయడానికి నలుగురు ఒక క్యాడ్ సాఫ్ట్‌వేర్ పట్టుకుంటే, మిగతా నలుగురు ఇంకోటి పట్టుకున్నారు. మొదటిది బ్రౌజర్‌లో ఎక్కడైనా తెరుచుకుంటుంది. రెండోది ల్యాబ్‌లోని ఒక్క పెద్ద కంప్యూటర్‌లో తప్ప నడవదు. బోల్టులు, చక్రాలు, మోటార్ల బొమ్మలు దాచుకునే ఉమ్మడి ఫోల్డరు, వాళ్ల భాషలో 'లైబ్రరీ', ఇల్లు మారిన మర్నాటి వంటగదిలా ఉంది. కిందటేడు అందులోంచి పొరపాటు బోల్టు తీసుకున్న పాపానికి, జడ్జికి షేక్‌హ్యాండ్ ఇవ్వబోయిన రోబో చెయ్యి ఊడి ఆయన చేతిలోనే ఉండిపోయింది. జట్టు లీడరమ్మాయి ఏడుపు దిగమింగుకుని, వెళ్లి ఆ చెయ్యి అడిగి తెచ్చుకుంది.

మాస్టారు టైపు చేశారు: "ఈ రోజే లైబ్రరీ ఖాళీ చేయాలి. ఒకే రకానివి రెండుంటే ఒకటే ఉంచండి. రెండేళ్లుగా ఎవరూ తెరవనివి దయాదాక్షిణ్యాలు లేకుండా తీసేయండి." ఫోను జేబులో వేసుకుని క్లాసుకు వెళ్లిపోయారు. మెసేజ్ మాత్రం పిల్లల గ్రూపుకు కాక స్టాఫ్ గ్రూపుకు వెళ్లింది.

ఎవరైనా ఏదైనా చొరవ చూపిస్తారేమోనని ఏడాదిగా ఎదురుచూస్తున్న ప్రిన్సిపాల్‌కు ప్రాణం లేచొచ్చింది. వెంటనే అటెండరును పిలిచారు.

"లైబ్రరీలో పాతవన్నీ తీసెయ్యాలట. ఫిజిక్స్ మాస్టారు చూసుకుంటున్నారు."

"తీసి ఎక్కడ పెట్టమంటారండీ?"

"అడిగింది ఆయనేగా, ఆయన ల్యాబ్‌లోనే పెట్టు."

అడ్డుపడాల్సిన లైబ్రేరియన్ ఆ సమయానికి పన్ను పీకించుకుంటోంది.

ల్యాబ్‌లో లీడరమ్మాయి, మెసేజ్ రాకపోయినా, ఆ పనే మొదలుపెట్టింది. వేరే చోటికి మారుద్దామని మొత్తం నాలుగు వందల పన్నెండు బొమ్మలనూ ఎంచి పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే అటెండరు గుండెల దాకా పేర్చుకున్న విజ్ఞాన సర్వస్వం సంపుటాలను ఎదురుగా కనిపించిన చోట దించాడు. ఎంచిన బొమ్మలన్నీ చెరిగిపోయి తెర తెల్లబడింది.

"బాబాయ్, దేని మీద పెట్టారో చూశారా?"

"బల్ల మీదేనమ్మా."

"అది కీబోర్డు బాబాయ్."

"పుస్తకం బరువుకి పోయేదేముంటుందమ్మా అందులో?"

కంప్యూటరు చెత్తబుట్టలోంచి ఆమె అన్నిటినీ వెనక్కి తెచ్చింది గానీ, ఫోల్డర్లు పోయి అంతా ఒకే కుప్పగా వచ్చిపడింది. విషయం తెలిసి మాస్టారు పరుగున వచ్చేసరికి, పుస్తకాల గుట్టల మధ్య ఎనిమిది మంది పిల్లలూ నిలబడి ఉన్నారు. ఆయన వెనకే లైబ్రేరియన్ వచ్చింది. మత్తుమందు ప్రభావానికి సగం నోరు మొద్దుబారి ఉండటంతో ఆమె కోపం సగమే బయటికి వచ్చింది.

"నా లైబ్రరీ ఖాళీ చెయ్యమనడానికి మీరెవరండీ?"

మాస్టారు ఫోను తీసి చూసుకున్నారు. మెసేజ్ స్టాఫ్ గ్రూపులో ఉంది. "మీ లైబ్రరీ కాదండీ. మా లైబ్రరీ."

"మీకు లైబ్రరీ ఎప్పుడొచ్చింది?"

"బోల్టుల లైబ్రరీ అండీ."

ఆమె నమ్మలేదు. కళ్లజోడు పెట్టుకుని తెర మీదికి వంగింది. బోల్టు. కొత్త బోల్టు. బోల్టు ఫైనల్. బోల్టు ఫైనల్ ఫైనల్. ఇదే అసలు బోల్టు. ఆమె ముఖంలో కోపం పోయి బాధ కనిపించింది. అది పంటి బాధ కాదు.

"ఈ పేర్లు ఎవరు పెట్టారు?"

"మా సీనియర్లు మేడమ్. వెళ్లిపోయారు," అంది లీడరమ్మాయి. "నాకూ ఇదే ఆఖరేడు."

"నువ్వు కూడా వచ్చేవాళ్లకి ఈ కుప్పే ఇచ్చి వెళ్తావా?"

అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. లైబ్రేరియన్ ఒక సంపుటాన్ని పక్కకు జరిపి కుర్చీ లాక్కుంది.

"ఏడవకు, కూర్చో. ముందు వస్తువు పేరు, తర్వాత మందం, తర్వాత పొడుగు. అన్నిటికీ ఇదే వరుస. 'ఫైనల్' అన్న మాట ఇంక ఎవరూ రాయొద్దు."

"రెండు సాఫ్ట్‌వేర్లలో ఏది ఉంచమంటారండీ?" అని అడిగేశారు మాస్టారు.

"నాకేం తెలుసు? వచ్చే ఏడు పిల్లలు ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకోగలిగేది ఏది?"

రెండో సాఫ్ట్‌వేర్ పక్షం గొణిగింది. "మా దాంట్లో గేర్లు బాగా వస్తాయి మేడమ్."

"రానీ. తెరిచేవాళ్లు లేని పుస్తకం ఎంత బాగుంటే ఏం? అలాగని మీవి పారెయ్యకండి. రెండింట్లోనూ తెరుచుకునేలా నకళ్లు తీసి పెట్టండి."

మధ్యాహ్నం మూడింటికి ఒకే పేరున్న రెండు బోల్టులు దొరికాయి. ఒకటి నాలుగు మిల్లీమీటర్లు, ఒకటి మూడు. లీడరమ్మాయి ముందుగా, కిందటేడు రోబో చెయ్యి ఊడగొట్టిన ఆ మూడు మిల్లీమీటర్ల దానికి సరైన పేరు రాసింది.

నాలుగున్నరకు ప్రిన్సిపాల్ మాస్టారిని అభినందించడానికి వచ్చారు. మాస్టారు తలవంచుకుని జరిగింది చెప్పారు.

"మరి ఈ పుస్తకాలు?"

"వెనక్కి వెళ్తాయండీ," అంది లైబ్రేరియన్, తెర మీంచి కళ్లు తిప్పకుండా. "మాస్టారు మోస్తారు. నంబరు వరుస తప్పకుండా."

ఐదుకు పది నిమిషాలుండగా డిజైన్ వెళ్లింది. దానితో పంపిన ఫారంలో సాంకేతిక సలహాదారు అన్న గడిలో లీడరమ్మాయి లైబ్రేరియన్ పేరు రాసింది. ఫిజిక్స్ మాస్టారి పేరు రవాణా అన్న గడిలో ఉంది.