బుల్లయ్య బొటనవేళ్లు

ఆ మాఘమాసం ఉదయం హనుమాయమ్మ అనుకున్న పని ఒక్కటే. కల్లంలో ఎండిన మిరపకాయలు పొద్దుగూకేలోపు బస్తాలకెత్తాలి, రాత్రికి లారీ గుంటూరు యార్డుకు కదలాలి. సముద్రం వైపు ఆకాశం కాస్త మసకేసింది గనక, చినుకు పడితే కప్పటానికి టార్పాలిన్ పట్టాలు కల్లం పక్కనే పెట్టించింది. పోయినేడు పత్తిని పురుగు తినేసింది. ఈ ఏడు ఆ ఇంటికి మిగిలిందల్లా కల్లంలో పరిచిన ఆ ఎర్రటి పరుపే.

చిక్కంతా మొగుడు బుల్లయ్య పంటితో వచ్చింది. రాత్రంతా పోటుతో మూలిగి, తెల్లారుజామున ఆర్‌ఎంపీ ప్రసన్నకుమార్ ఇచ్చిన మత్తు బిళ్ల మింగాడు. దవడలో లవంగం పెట్టుకుని, అది కదలకుండా గడ్డం కింది నుంచి నడినెత్తి దాకా తువ్వాలు బిగించి కట్టుకుని, వసారాలో మంచమెక్కాడు. పది గంటలకల్లా కల్లానికి వస్తానన్నాడు, పళ్లు విడవకుండానే.

బుల్లయ్య పడుకున్నవాడు పడుకున్నట్టు ఉండడని ఊరందరికీ తెలుసు. నిద్రలో లేచి నడుస్తాడు. ఒకసారి అలాగే లేచి, స్ప్రేయరు వీపుకు తగిలించుకుని, చర్చి ప్రహరీకి ఈ మూల నుంచి ఆ మూల దాకా మందు కొట్టి వచ్చి పడుకున్నాడు. ఆ ఏడాదంతా ఆ గోడకు ఒక్క చీమ ఎక్కలేదంటారు. ట్యాంకులో చుక్క మందు లేదన్న సంగతి చీమలకు తెలియదు.

ఇంట్లో ఇంకెవరూ లేరు. పెరట్లో గట్టులేని బావి ఉంది. హనుమాయమ్మకు కాలు గడప దాటలేదు. పోయిన అత్తగారు చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. నిద్రలో నడిచేవాడి ప్రాణం ఒంట్లో ఉండదట, ఊరు తిరగటానికి పోతుందట. కుదిపి లేపితే బెదిరి అటునుంచటే పోతుందట. మంచం దిక్కు మార్చినా, మొహానికి రంగు పూసినా, తిరిగొచ్చిన ప్రాణం తన ఒంటిని తాను ఆనవాలు పట్టలేదట.

అందుకని ఆవిడ చెప్పినట్టే మొగుడి కాలి బొటనవేళ్లు రెండూ కలిపి నూలుదారంతో కట్టింది. తిరిగొచ్చే ప్రాణానికి దారి కనపడాలని తలాపున దీపం పెట్టింది. పక్కింటి ఖాదర్‌బీ వాళ్ల నాన్నమ్మ వైద్యం వేరే ఉంది: మంచం పక్కన తడి గోనె పరిస్తే కాలు పెట్టగానే మెలకువొస్తుంది. గోనె తడిపి ఇచ్చి ఖాదర్‌బీ పేట బస్సెక్కింది. కింద పరిస్తే దాటిపోతాడేమోనని హనుమాయమ్మ దాన్ని ఏకంగా అతని పాదాల మీదే కప్పి, వేళ్లు మాత్రం బయటికి వదిలి, నిశ్చింతగా కల్లానికి పోయింది.

తొమ్మిదింటికి మరిది కోటేష్ ట్రాక్టరు తాళం కోసం వచ్చాడు. దవడ కట్టు చూశాడు. బొటనవేళ్ల కట్టు చూశాడు. తలాపున దీపం చూశాడు. పాదం ముట్టుకుంటే మంచుముక్క. నోరు కట్టేసి ఉంటే గురక మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది? వదిన అన్నీ చేసి, కబురు చెప్పటానికి వెళ్లిందనుకున్నాడు. మిగిలిన పనైనా తాను చేద్దామని మంచం దక్షిణం తలగా తిప్పి, దీపం అటు జరిపి, అన్న మొహానికి పసుపు రాసి, నుదుటి మీద రూపాయంత బొట్టు పెట్టి, అప్పుడు ఏడుపు మొదలుపెట్టాడు.

ఏడుపు కల్లం చేరటానికి ఎంతోసేపు పట్టలేదు. ఊళ్లో శవం ఉంటే, అది లేచేదాకా ఎవరూ పని ముట్టరు. అందులోనూ పోయింది ఆ పంట ఆసామే. కూలీల మేస్త్రి ఆదెమ్మ చేతిలో పట్టా కింద పెట్టేసి కళ్లొత్తుకుంది. ఇరవైమందీ ఆమె వెనకే కదిలారు. అందరికంటే ముందు హనుమాయమ్మ చెప్పుల్లేకుండా పరిగెత్తింది.

వసారాలో జనాన్ని తోసుకుని మొగుడి గుండె మీద చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది, కొట్టుకుంటోంది. ఏడుపు తన్నుకొచ్చేలోపే పసుపు మొహం కనపడింది, తిరిగిన మంచం కనపడింది. అత్తగారు వద్దన్నవి రెండూ జరిగిపోయాయి.

"బతికే ఉన్నాడు. ఎవరూ లేపకండి, లేపితే పోతాడు" అంది గొంతు తగ్గించి.

"అదేంది వదినా, లేపకపోతే బతికున్నాడని ఎట్టా తెలుస్తది?" అన్నాడు కోటేష్.

"ముందు మంచం మొదట ఎట్టుందో అట్టా పెట్టు."

తిప్పిన కంగారులో మంచం మొదట ఎటుందో కోటేష్ మరిచిపోయాడు. హనుమాయమ్మకూ ఆ గాభరాలో గుర్తు రాలేదు. తూర్పన్నారు కొందరు, పడమరన్నారు కొందరు. నలుగురు నాలుగు కోళ్లు పట్టుకుని, పైనున్నవాడికి మెలకువ రాకుండా, పెళ్లిపల్లకీలా వసారాలోంచి వాకిట్లోకి తెచ్చి తిప్పటం మొదలుపెట్టారు. అంతలో సముద్రం వైపు ఉరిమింది.

"అమ్మా, కల్లం..." అంది ఆదెమ్మ.

హనుమాయమ్మ మబ్బును చూసింది, మొగుడి పచ్చటి మొహం చూసింది. మంచం వదిలి కదల్లేకపోయింది. "మీరు పొండే, కప్పండి" అంది.

కూలీలు కదలబోతే ఊరి పెద్దలు అడ్డుపడ్డారు. చావింటికి వచ్చినవాళ్లు తలస్నానం చేయకుండా పంట ముట్టరాదు. చావే లేనప్పుడు స్నానమేందని కోటేష్, ఏడ్చాక స్నానం తప్పదని పెద్దలు. ఆ వాదం తేలేలోపు వాన దిగి, అందరికీ కలిపి ఒకేసారి స్నానం చేయించింది.

వాకిట్లో మంచం మీద బుల్లయ్య మొహాన పసుపు కరిగి చెవుల్లోకి దిగింది. కళ్లు తెరిచాడు. లేవబోతే బొటనవేళ్లు లేవనివ్వలేదు. చుట్టూ తడుస్తున్న ఊరిని చూసి, తువ్వాలు మెల్లగా విప్పుకున్నాడు.

"కాయలు కప్పారా?"

ఆదెమ్మే చెప్పింది. "మీరు పోయారనుకున్నామయ్యా."

"పోయినవాడు ఎటూ పోడు గదే" అన్నాడు బుల్లయ్య. "కప్పేసొచ్చి ఏడవాల్సింది."

వాన రెండు రోజులు కురిసింది. ఎర్రటి పరుపు బూజెక్కి, తెల్లబారి, సగం ధరైనా పలకని తాలు కాయలైంది. లారీ ఖాళీగా తిరిగిపోయింది. మంచం దిక్కు ఏదో ఇప్పటికీ తేలలేదు. హనుమాయమ్మ మాత్రం తన చేత్తోనే ఆ దారం తెంపి పొయ్యిలో వేసింది.

ఆ తర్వాత బుల్లయ్య నిద్రలో నడవటం ఎవరూ చూడలేదు. దానికి ముందు నిద్ర పట్టాలి కదా.