మూతపడ్డ గనికి జేజేలు

బొగ్గుగనికి అసలు శత్రువు బొగ్గేనని నేనంటే నన్ను పిచ్చివాడి కింద జమకడతారు. కట్టండి. అయినా చెప్పక మానను. గని అన్నది మూతపడ్డాకే బాగుపడుతుంది!

అనుమానముంటే మా ఊరి గనికి రండి. ఒకప్పుడు అందులోంచి బొగ్గుతోపాటు మసి, దగ్గు, తిట్లు మాత్రమే పైకొచ్చేవి. ఇప్పుడది వారసత్వ మ్యూజియం. సొరంగంలో టైల్స్ పరిచారు. పక్కనున్న ఇనుప కార్ఖానాలో కొలిమి ముందు నిలబడితే కనుబొమలు మాడిపోయేవని మా నాన్న చెప్పేవాడు. అదే కొలిమిలో ఇప్పుడు ఏసీ పెట్టి కేకులు అమ్ముతున్నారు. ఇది ప్రగతి కాదా? కాదన్నవాళ్ళు ఆ కేకు తిని మాట్లాడండి.

అప్పట్లో ఎవరైనా ఇష్టపడి గనిలోకి దిగారా? ఇప్పుడు ఆదివారమైతే చాలు, పిల్లాజెల్లాతో క్యూ కట్టి మరీ దిగుతున్నారు. ముఖానికి మసి కావాలంటే గేటు దగ్గరే పూస్తారు. చర్మానికి హాని చేయదనీ, ఒక్కసారి కడిగితే పోతుందనీ డబ్బా మీద రాసుంది. మా అక్క ఆ డబ్బాను చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. మా బావ చొక్కాలు ఉతకడంలోనే ఆవిడ యౌవనం కరిగిపోయింది మరి.

ఇంత గొప్ప సంస్థ కూడా ఒక పొరపాటు చేసింది. మా బావకు ఉద్యోగమిచ్చింది.

గని మూసేదాకా బావ అందులోనే పనిచేశాడు. మూశాక ఇంట్లో కూర్చుని అక్క ప్రాణం తోడేశాడు. అందుకే మ్యూజియం వాళ్ళు పిలిస్తే ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకున్నాం. ఈ ఉద్యోగం నిలబెట్టుకుంటే చాలు దేవుడా అని అక్క మొక్కుకుంది కూడా. పని కష్టమేమీ కాదు. దిగేవాళ్ళకు తలా ఒక ఇత్తడి బిళ్ళ ఇవ్వాలి, పైకొచ్చాక తీసుకుని బోర్డు మీద దాని మేకుకు తగిలించాలి. గని నడిచిన రోజుల్లోనూ ఇదే పద్ధతి. షిఫ్టు అయిపోయాక మేకు ఖాళీగా ఉందంటే, ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. అతను దొరికేదాకా ఎవరూ ఇంటికి కదలకూడదు.

బావ తమ్ముడి మేకు ఒకరోజు అలాగే ఖాళీగా మిగిలింది. పైకప్పు కూలింది. మ్యూజియంలో ఆ సంగతి ఎక్కడా రాయలేదు. కుటుంబాలు సరదాగా గడిపేచోట అలాంటివి బాగుండవట. నిజమే, కేకు సహించొద్దూ?

పోయిన ఆదివారం సాయంత్రం నేను అక్కడుండగానే ఒక మేకు ఖాళీగా ఉండిపోయింది. బావ గేటు మూయనివ్వలేదు. మేనేజరుగారు వచ్చారు. మెడలో కార్డు, చేతిలో వాకీటాకీ, ముఖాన చెరగని చిరునవ్వు.

"ఎవరో జేబులో వేసుకుపోయుంటారండీ. గుర్తుగా పట్టుకెళ్తుంటారు, మామూలే. తాళం వేసెయ్యండి."

"బిళ్ళ రాలేదు సార్."

"పోతే పోయింది. ఇంకోటి చేయిద్దాం."

"మనిషిని కూడా చేయిస్తారా?"

మేనేజరు నవ్వాడు. బావ నవ్వలేదు. తిన్నగా వెళ్ళి, గోడమీద అలంకారంగా ఉంచిన పాత సైరన్ మీట కిందికి లాగేశాడు. అలంకారం కాస్తా పనిచేసింది!

ఇక చూడాలి ఆ హడావుడి! కప్పులో టీ చల్లారకముందే ఫైరింజను వచ్చింది. వెనకే అంబులెన్సు, ఆక్సిజన్ సిలిండర్లు, డాక్టరు, పెద్దపెద్ద అధికారులు. సొరంగాలన్నీ గాలించారు. చివరికి ఆ పెద్దమనిషి కొలిమిలో కేకు తింటూ దొరికాడు. మన బిళ్ళ ఆయన తాళంచెవులకు వేలాడుతోంది. ఎవరికోసం వెతుకుతున్నారో తెలియక, అందరిలాగే ఆయన కూడా ఫోన్లో వీడియో తీస్తున్నాడు.

మేనేజరు చిరునవ్వు మొదటిసారి చెరిగింది. "మీరు రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నాడు బావతో.

బావ వెళ్ళి బయట బెంచీ మీద కూర్చున్నాడు. నేనూ పక్కన చేరాను. అక్కకు ఏం చెప్పాలా అని నాకు గుబులుగా ఉంది. బావ మాత్రం తిరిగిపోతున్న అంబులెన్సునే చూస్తున్నాడు.

"తమ్ముడు రానిరోజు కూడా ఇదే సైరన్ లాగానురా," అన్నాడు.

"అప్పుడు మోగలేదా బావా?"

"ఎందుకు మోగలేదు, మోగింది. నింపిన బొగ్గు ముందు పైకి రానీ, తర్వాత చూద్దామన్నారు అధికారులు. వెతికేవాళ్ళు దిగేసరికి తెల్లారింది."

నాకు ఏడుపొచ్చింది. వ్యంగ్యం రాసుకు బతికేవాడికి అది మంచిది కాదు కనుక వెంటనే తుడుచుకున్నాను.

అందుకే పాఠకులారా, గనుల యజమానులందరికీ నాదొక మనవి. మూశాక మ్యూజియం చేయడమంటే ఆలస్యమైపోతుంది. తవ్వకముందే చేసేయండి. బొగ్గు తవ్వేవాడికి ఇంకేం ఇచ్చినా ఇవ్వకపోయినా, దిగేముందు చేతిలో ఒక టికెట్టు పెట్టండి. లోపల ఉండిపోయింది కార్మికుడు కాదు, సందర్శకుడని తెలిస్తే వెతకడానికి అందరూ పరిగెత్తుకొస్తారు.